నాలుక తిరగని అక్షరాలకు ఎన్ని పేర్లో!

ఫిజిక్స్ పుస్తకంలో లాంబ్డా కనిపిస్తే తరంగదైర్ఘ్యం అంటాం. రో కనిపిస్తే సాంద్రత అంటాం. మ్యూ కనిపిస్తే ఘర్షణ గుణకం. లెక్కల్లో సిగ్మా ఉంటే అన్నీ కలిపి కూడమని అర్థం. ఇంటర్ దాకా వచ్చిన ప్రతి హాస్టల్ విద్యార్థికీ ఈ గ్రీకు అక్షరాలు పాత చుట్టాలే. అయితే వీటికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. మనిషి నాలుక ఏ అక్షరం దగ్గర తడబడితే, ఆ తడబాటుకు ఆ గ్రీకు అక్షరం పేరే పెట్టారు. ర దగ్గర తడబడితే రోటసిజం. ల దగ్గర తడబడితే లాంబ్డాసిజం. స దగ్గర తడబడితే సిగ్మాటిజం.

ఈ పేర్లు తెలుసుకుంటే మనకేం వస్తుంది అనుకోవద్దు. బాగా చదివి, బాగా రాసి, తీరా నలుగురిలో లేచి మాట్లాడమంటే తల దించుకునేవాళ్ళు మన హాస్టళ్ళలో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆ భయానికి కారణం ఒక్క ఇంగ్లీషే కాదు, తెలుగు కూడా. 'నీకు శ పలకదు', 'నీకు ళ రాదు', 'నీకు ఒత్తులు రావు' అని ఎవరో ఎప్పుడో అన్న మాట మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఆ ముల్లు ఎక్కడ గుచ్చుకుందో తెలిస్తే తీసుకోవడం తేలిక. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వ్యాసం అందుకోసమే.

ముందుగా పేర్లు

రోటసిజం: నాలుక కొన పైకి లేచి, పై పళ్ళ వెనక చిగురుకు చటుక్కున తగిలితే ర వస్తుంది. అలా తగలకపోతే 'రాజు' కాస్తా 'లాజు' అవుతాడు, లేదా 'యాజు' అవుతాడు.

లాంబ్డాసిజం: ల సరిగా రాకపోవడం, ర ఉండాల్సిన చోట ల పలకడం, ల మరీ ఎక్కువగా దొర్లడం. ఈ మూడింటికీ ఇదే పేరు వాడారు.

సిగ్మాటిజం: స చాలా సున్నితమైన అక్షరం. నాలుక నడుమ సన్నని కాలువలాగా చేసి, అందులోంచి గాలిని పళ్ళ మీదికి వదలాలి. నాలుక కొన పళ్ళ మధ్యకు జారితే 'సీత' దాదాపు 'తీత'లా వినిపిస్తుంది. గాలి నడుమ నుంచి కాక పక్కల నుంచి పోతే బుసబుసమనే తడి చప్పుడు వస్తుంది.

గామాసిజం, కప్పాసిజం: గ, క పలకాలంటే నాలుక వెనక భాగం లేవాలి. చిన్నపిల్లలు వెనక భాగానికి బదులు కొనను లేపుతారు. అందుకే వాళ్ళ నోట కాకి 'తాతి' అవుతుంది. 'అక్కా' అని పిలవబోయి 'అత్తా' అంటారు. ఇంటిల్లిపాదీ నవ్వుతారు, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది.

బీటాసిజం: బ, వ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. బెంగాలీలు వివేకానందుణ్ణి 'బిబేకానందో' అంటారు. స్పానిష్ భాషలో బ, వ అని చదవాల్సిన రెండు అక్షరాలకూ ఇప్పుడు పలుకు ఒక్కటే.

ఇటాసిజం: ప్రాచీన గ్రీకులో వేరువేరుగా ఉన్న అనేక అచ్చులు నేటి గ్రీకులో ఒక్క 'ఇ'గా కలిసిపోవడం.

మైటాసిజం: మ అక్షరం మితిమీరి వాడడం. ఇది నాలుక తప్పు కాదు, మాటల కూర్పులో తప్పు అని రోమన్లు లెక్కగట్టారు.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఒకే రకం పేర్ల కింద మూడు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఒక మనిషి నోటికి ఒక శబ్దం రాకపోవడం. రెండు, ఒక ఊరు, ఒక ప్రాంతం, ఒక జాతి మొత్తం ఒక శబ్దాన్ని మరోలా పలకడం. మూడు, ఒకే శబ్దాన్ని కావాలనో తెలియకనో పదే పదే వాడడం. మొదటిది వైద్యుడి పని. రెండోది భాషా చరిత్ర. మూడోది కవిత్వం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి 'తప్పు' అనడం వల్లే చాలా చిక్కులు వచ్చాయి.

గ్రీకు, రోమన్ కథలు

ఏథెన్సులో ఆల్సిబయాడిస్ అనే పేరుమోసిన నాయకుడు ఉండేవాడు. ఆయనకు ర పలికేది కాదు, ల వచ్చేది. హాస్య నాటకాలు రాసిన అరిస్టోఫేనిస్ తన 'కందిరీగలు' నాటకంలో దీని మీద ఒక చెణుకు విసిరాడు. గ్రీకులో 'కొరాక్స్' అంటే కాకి, 'కొలాక్స్' అంటే ముఖస్తుతి చేసేవాడు. ఆల్సిబయాడిస్ ఒకడిని కాకి అనబోయి భట్రాజు అనేశాడు, పోనీలే నిజమే చెప్పాడు, అన్న అర్థంలో ఆ హాస్యం నడుస్తుంది. అయితే ఆ పలుకు ఆయనకు అందంగానే ఉండేదని చెప్పుకునేవారని ప్లూటార్క్ రాశాడు. ధనవంతుడు, అందగాడు, సేనాని కదా! అదే పలుకు ఒక కూలివాడి నోట వస్తే అందం అనేవారా?

డెమోస్తనీస్ కథ మనలో చాలామంది విన్నదే. క్రీ.పూ. 384లో పుట్టిన ఈ మహావక్తకు మొదట్లో ర పలికేది కాదట. వక్తృత్వ కళను గ్రీకులో 'రెటోరికే' అంటారు. తన విద్య పేరులోని మొదటి అక్షరమే తనకు నోరు తిరగలేదని రోమన్ వక్త సిసిరో ఆయన గురించి చెప్పాడు. గులకరాళ్ళు నోట్లో పెట్టుకుని సాధన చేశాడన్న కథను ప్లూటార్క్ చెప్పాడు. ఈ కథ విని ఎవరూ రాళ్ళు నోట్లో పెట్టుకోకండి. గొంతులో పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కథలో మనం తీసుకోవాల్సింది సాధన, రాళ్ళు కాదు.

రోమన్లలో క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన క్వింటిలియన్ అనే గురువు పిల్లలకు మాట నేర్పే పద్ధతి చెబుతూ అయోటాసిజం, లాంబ్డాసిజం లాంటి పేర్లను ప్రస్తావించాడు. ఏడో శతాబ్దికి వచ్చేసరికి సెవిల్ నగరానికి చెందిన ఇసిడోర్, ఒక ల బదులు రెండు ల లు పలకడం లాంబ్డాసిజం అని చెప్పి, ఆఫ్రికా వాళ్ళు ఇలా పలుకుతారని ఉదాహరణ ఇచ్చాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక ప్రాంతంలోని జనం పలికే తీరు ఒక తప్పుకు ఉదాహరణగా పుస్తకానికి ఎక్కింది! తప్పుల జాబితా రాసేవాడు ఎప్పుడూ తన ఊరి పలుకును కొలబద్దగా పెట్టుకుంటాడు.

ఇంకో తమాషా చూడండి. రోమన్ల సొంత భాషలోనే అచ్చుల మధ్య ఉన్న స కాలక్రమంలో ర గా మారింది. పువ్వును 'ఫ్లోస్' అనేవారు, పువ్వు యొక్క అనాలంటే 'ఫ్లోరిస్'. పపీసియస్ అనే వంశం పేరు పపీరియస్ అయిందని సిసిరో ఒక ఉత్తరంలో రాశాడు. దీన్ని కూడా భాషాశాస్త్రంలో రోటసిజం అనే అంటారు. కానీ ఇది జబ్బు అని ఎవరూ అనలేదు. మనం పదో తరగతిలో విసర్గ సంధి చదివాం కదా: నిః + ఆశ = నిరాశ, దుః + గుణం = దుర్గుణం. ఇది కూడా అలాంటి మార్పుకు దగ్గరి చుట్టమే. ఒక మనిషి చేస్తే తడబాటు, ఊరంతా చేస్తే మార్పు, పండితులు చేస్తే సంధి!

మన పూర్వులు పెట్టిన పేర్లు

మన దేశంలో ఈ విద్య గ్రీకులకు ఏమాత్రం తీసిపోదు. వేదాన్ని నోటితోనే తరతరాలకు అందించాలి కాబట్టి ఉచ్చారణ కోసం శిక్ష అనే శాస్త్రమే ఏర్పడింది. ఋగ్వేద ప్రాతిశాఖ్యంలో ఉచ్చారణ దోషాలకు ఒక అధ్యాయమే కేటాయించారు. పతంజలి మహాభాష్యంలో కూడా దోషాల జాబితా ఉంది. గొంతులోనే మింగినట్టు పలికితే గ్రస్తం. కర్కశంగా విసిరినట్టు పలికితే నిరస్తం. పాట పాడినట్టు పలికితే ప్రగీతం. నోట్లో నీళ్ళు ఉన్నట్టు పలికితే అంబూకృతం.

అమరకోశంలో మాట స్పష్టంగా రానివాడికి లోహలుడు అని పేరు. సుశ్రుతుడి వైద్యగ్రంథంలో మూకం, మిన్మినం, గద్గదం అని మూడు చెప్పారు. అసలు మాట రాకపోవడం, ముక్కుతో మాట్లాడడం, మాట తొట్రుపడడం అన్నమాట. అంటే ఏ తేడాకు ఆ పేరు వేరుగా పెట్టుకున్నారు. మన ఇళ్ళలో మాత్రం దాదాపు అన్నింటికీ ఒకటే మాట, నత్తి. మాట మధ్యలో ఆగిపోయేవాడిదీ నత్తే, ర పలకనివాడిదీ నత్తే. నిజానికి ఈ రెండూ వేరు. మొదటిది మాట ప్రవాహానికి సంబంధించింది, రెండోది ఒక శబ్దానికి సంబంధించింది. వీటికి చేసే చికిత్స కూడా వేరు.

ఓడినవాళ్ళ ల, ఏలినవాడి ల

మహాభాష్యంలోనే ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. అసురులు యుద్ధంలో 'హే అరయః' (ఓ శత్రువులారా) అనాల్సింది, ర పలకలేక 'హేలయః' అన్నారట, అందుకే ఓడిపోయారట. కాబట్టి అపశబ్దం పలకరాదని నీతి. శుద్ధమైన లాంబ్డాసిజం కథ ఇది. పతంజలి క్రీ.పూ. రెండో శతాబ్దివాడని అంటారు.

ఇప్పుడు అంతకు సుమారు నూరేళ్ళ ముందుకు వెళ్దాం. క్రీ.పూ. మూడో శతాబ్దిలో అశోకుడు రాళ్ళ మీద శాసనాలు చెక్కించాడు. పశ్చిమాన గుజరాత్‌లోని గిర్నార్ శాసనంలో 'రాజా' అని ఉంది. తూర్పున ఒడిషాలోని ధౌలి శాసనంలో 'లాజా' అని ఉంది. మగధ ప్రాంతపు ప్రాకృతంలో ర అంతా ల అయ్యేది. పాటలీపుత్రంలోని అశోకుడి ఆస్థాన భాష ఆ తూర్పు పలుకే. అంటే ర పలకనివాళ్ళు ఓడిపోయారని కథ రాసిన కాలానికి ముందే, ర ను ల అనే భాషలో ఆజ్ఞలిస్తూ ఒక చక్రవర్తి దేశంలో ఎక్కువ భాగాన్ని ఏలాడు! ల వల్ల రాజ్యం పోలేదు. గెలుపోటములకు కారణాలు వేరే ఉంటాయి, నింద మాత్రం నాలుక మీద పడుతుంది.

శూద్రకుడి మృచ్ఛకటికం నాటకంలో ప్రతినాయకుడి పేరు శకారుడు. రాజుగారి బావమరిది. మగధ పలుకును పోలిన యాసలో ప్రతి స ను శ గా పలుకుతాడు కాబట్టి ఆ అక్షరమే ఆయన పేరు అయింది. నాటకం చూసేవాళ్ళు ఆయన నోరు విప్పగానే నవ్వేవాళ్ళు. యాస మీద నవ్వించడం మన సినిమాలతో మొదలు కాలేదు, పదిహేను వందల ఏళ్ళకు పైబడిన అలవాటు అది.

ఒక్క అక్షరానికి ప్రాణం ఖరీదు

నవ్వుతో పోతే బాగుండేది. బైబిలు చదివేవాళ్ళకు న్యాయాధిపతుల గ్రంథం పన్నెండో అధ్యాయం గుర్తుండే ఉంటుంది. గిలాదువారు యొర్దాను రేవుల దగ్గర కాపు కాసి, దాటడానికి వచ్చిన ప్రతివాడినీ 'షిబ్బోలెతు' అనమన్నారు. ఎఫ్రాయిమీయులకు ష పలకదు. 'సిబ్బోలెతు' అన్నవాడిని అక్కడే చంపారు. ఆనాడు పడినవారు 42,000 మంది అని ఆ గ్రంథం చెబుతుంది. ఇప్పటికీ ఇంగ్లీషులో మనిషిని వేరుచేసి చూపే గుర్తును 'షిబ్బోలెత్' అంటారు.

ఇది పాతకాలపు మాట అనుకోవద్దు. 1937లో డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహియో ఆజ్ఞ మీద వేలాది మంది హైతీ జాతీయులను చంపారు. అప్పుడు సైనికులు కొత్తిమీరను పోలిన ఒక ఆకును చూపించి, దాని స్పానిష్ పేరు 'పెరెహిల్' పలకమనేవారని చెప్పుకుంటారు. ఆ పేరులోని ర ను హైతీవాళ్ళు తమ క్రియోల్ పలుకులో మరోలా అంటారు. అందుకే చరిత్రలో దానికి ఆ ఆకు పేరుతోనే ఊచకోత అని పేరు వచ్చింది. స–ష తేడా, ర తేడా అంటే అంత చిన్న విషయం కాదు మరి. పలుకును బట్టి మనిషికి విలువ కట్టే బుద్ధి ముదిరితే ఎక్కడి దాకా పోతుందో ఈ రెండూ చూపిస్తాయి.

నవ్వే తప్పులు, నవ్వని తప్పులు

ఇక మన తెలుగుకు వద్దాం. మనవాళ్ళ పలుకు మీద వచ్చే ఫిర్యాదులు ఇవి: శ, ష లను స అంటారు. ణ ను న అంటారు. ళ ను ల అంటారు. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తులు పలకరు. చ ను స అంటారు. హ ను మింగేసి హాస్టల్‌ను 'ఆస్టల్' అంటారు.

ఒక్కొక్కటీ చూద్దాం. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పాడు. ఆ 36లో శ లేదు, ష లేదు. ఖ, ఘ, ఛ, ఝ, ధ, భ వంటి ఒత్తు అక్షరాలు ఒక్కటీ లేవు. ఇవన్నీ సంస్కృత పదాలతో పాటు వచ్చి తెలుగులో వాడుకలోకి వచ్చాయని ఆయనే చెప్పాడు. అంటే మన అవ్వ 'దేసం' అన్నా, 'బూమి' అన్నా, ఆమె తెలుగు నాలుకతో తెలుగు శబ్దాలే పలుకుతోంది. ఆమెకు రానిది తెలుగు కాదు, సంస్కృతం.

చ ను స అనడం చూడండి. మా అమ్మ 'సదువు' అంటుంది, 'సేను' అంటుంది. పక్కనున్న తమిళంలో మాట మొదట వచ్చే చ ను చదువుకున్నవాళ్ళు కూడా స అనే పలుకుతారు. మన 'చేరు' వాళ్ళ నోట 'సేరు'. సరిహద్దుకు అటు శిష్టుల పలుకు, ఇటు మొరటు పలుకు! మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. బడి ముఖం చూడని మా అమ్మ 'సదువుకో బిడ్డా' అని వెంటపడకపోతే, నేను చ గురించి ఈ నాలుగు ముక్కలు రాసే చోటికి వచ్చేవాణ్ణే కాదు.

'ఆస్టల్' సంగతి ఇంకా తమాషా. హాస్టల్ అనే మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఆ హ ను పలకనే పలకరు. లండన్ కార్మికవాడల్లో కూడా మాట మొదటి హ ను వదిలేస్తారు. ఇంగ్లీషులో 'అవర్', 'ఆనెస్ట్' మాటల్లో హ రాస్తారు గానీ ఎవరూ పలకరు. కాబట్టి మన ఆస్టలు మాటకు దూరపు దేశాల్లో బంధువులున్నారు.

ఇప్పుడు నవ్వని తప్పులు చూద్దాం. ఫ అంటే ప కు ఒత్తు, రెండు పెదవులూ కలిపి ఊపిరితో వదలాలి. మరి ఇవాళ ఎంతమంది 'ఫలితాలు' అనే మాటను పై పళ్ళు కింది పెదవికి ఆనించి ఇంగ్లీషు మాటలా పలకడం లేదు? జ్ఞానం అనే మాటలో ఉన్నది జ, ఞ. తెలుగువాళ్ళందరం 'గ్నానం' అంటాం, హిందీవాళ్ళు 'గ్యాన్' అంటారు, మరాఠీవాళ్ళు 'ద్న్యాన్' అంటారు. 'బ్రహ్మ' ను 'బ్రమ్హ' అనీ, 'చిహ్నం' ను 'చిన్హం' అనీ పెద్ద పెద్దవాళ్ళే అంటారు. ఎవరూ నవ్వరు. అసలు బండి ఱ ఏమైంది? ఒకప్పుడు ర వేరు, ఱ వేరు. పద్యాల్లో రెంటికీ ప్రాస కలపకూడదన్నారు. ఈ రోజు తెలుగునాట ఆ రెండింటినీ వేరుగా పలికేవాడు లేడు. ప్రొద్దు పొద్దయింది, క్రింద కిందయింది, వ్రాత రాతయింది. కాబట్టి శబ్దం మారినందుకు కాదు నవ్వేది, మార్చినవాడు ఎవడో చూసి నవ్వుతారు.

నాతో డిగ్రీ చదివిన ఒక మిత్రుడు మొదటి సంవత్సరం సెమినార్‌లో 'భాషా శాస్త్రం' అనే మాటను 'బాసా సాస్త్రం' అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వు మొదలై ముందు బెంచీల దాకా వచ్చింది. వాడు చెప్పిన విషయం ఎవరికీ గుర్తు లేదు, ఆ ఒక్క మాట గుర్తుండిపోయింది. తర్వాత మూడేళ్ళూ వాడు సెమినార్ ఇవ్వలేదు. మార్కుల్లో మాకన్నా ముందున్నవాడు! ఒక్క శ ఒక మనిషి గొంతును మూడేళ్ళు మూసేసింది.

ఈ భయం ఇంకో రకంగా కూడా బయటపడుతుంది. ఒత్తు వదిలేస్తే నవ్వుతారని, లేని చోట కూడా ఒత్తు పెట్టేస్తారు. బాధ 'భాధ' అవుతుంది, దీర్ఘం 'ధీర్ఘం' అవుతుంది, విద్యార్థి 'విధ్యార్థి' అవుతాడు. మన హాస్టల్ గోడల మీది నోటీసుల్లోనే వెతికితే దొరుకుతాయి. ఇది అజ్ఞానం కాదు, అతిజాగ్రత్త.

అతిగా వాడితే దోషమా, అలంకారమా?

ఒకే అక్షరాన్ని పదే పదే వాడడం గురించి కూడా రెండు మాటలు. అయిదో శతాబ్దికి చెందిన మార్షియానస్ కపెల్లా అనే లాటిన్ రచయిత మ, ల, స, ఇ లాంటి శబ్దాలు గుమిగూడడాన్ని రచనాదోషాల్లో చేర్చాడు. మనవాళ్ళు అదే పనిని అనుప్రాస అని పేరుపెట్టి అలంకారాల్లో చేర్చారు. మ లు వరసగా వస్తే రోమన్ గురువు బెత్తం తీస్తాడు, మన గురువు భేష్ అంటాడు.

శబ్దం రాకపోవడాన్ని కూడా కళగా మార్చినవాళ్ళున్నారు. దండి రాసిన దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడనే కుమారుడి పెదవికి గాయమైంది. పెదవులు కలిపితే నొప్పి. అందుకని ప, బ, మ లాంటి పెదవి అక్షరాలు ఒక్కటీ రాకుండా తన కథంతా చెబుతాడు. దీన్ని నిరోష్ఠ్యం అంటారు. నోటికి రాని అక్షరాన్ని పక్కనబెట్టి, వచ్చిన అక్షరాలతోనే పని నడిపించాడన్నమాట.

ఏది చూపించుకోవాలి, ఏది అక్కర్లేదు?

అసలు ప్రశ్న ఇది. మనకున్నది వైద్యం కావాల్సిన ఇబ్బందా, లేక యాసా? గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. మీ ఇంట్లో, మీ వాడలో మీ ఈడువాళ్ళంతా అలాగే పలుకుతుంటే అది యాస. దానికి డాక్టరు అక్కర్లేదు. మీ ఊళ్ళో అందరికీ వచ్చే శబ్దం మీ ఒక్కరికే రాకపోతే అది చూపించుకోవాల్సిన విషయం.

పిల్లలకు ప, బ, మ లు ముందుగా వస్తాయి. ర, స, ష, ళ లాంటివి ఆలస్యంగా వస్తాయి. రెండు, మూడేళ్ళ పిల్ల ముద్దుముద్దుగా మాట్లాడితే కంగారు పడనక్కర్లేదు. కానీ నాలుగైదేళ్ళ పిల్లవాడి మాటలు బయటివాళ్ళకు అర్థం కాకపోతే ఆలస్యం చేయకూడదు. ముందు చెవి పరీక్ష చేయించాలి. వినబడని శబ్దాన్ని ఎవరూ పలకలేరు. అంగిలి చీలి పుట్టినా, నాలుక కింది తీగ బిగుసుకుని ఉన్నా కొన్ని శబ్దాలు రాకపోవచ్చు. ఆ తీగ కోయాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. నాలుకకు వస కొమ్ము రాస్తే మాటలు వస్తాయని మన ఇళ్ళలో నమ్ముతారు. దానివల్ల ర గానీ స గానీ రాదు.

స్పీచ్ థెరపిస్ట్ చేసే పని మంత్రం కాదు. ముందు సరైన శబ్దాన్నీ, తప్పు శబ్దాన్నీ చెవితో వేరుచేయడం నేర్పుతారు. అద్దం ముందు కూర్చోబెట్టి నాలుక ఎక్కడ పెట్టాలో చూపుతారు. తర్వాత శబ్దం విడిగా, ఆపైన గుణింతంలో, మాటలో, వాక్యంలో, చివరికి మామూలు సంభాషణలో. మెట్టు తర్వాత మెట్టు. కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఇలాంటి లోపాలను గుర్తించి, జిల్లా కేంద్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు పంపే ఏర్పాటు ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విషయంలో దేశంలోనే పెద్దది. మన హాస్టల్‌లో అలాంటి తమ్ముడుంటే వెక్కిరించకుండా వార్డెన్ సార్‌కు చెప్పడం మన బాధ్యత.

యాస ఉంటూనే నేర్చుకోవడం

యాస తప్పు కాదన్నాను. అంటే శ, ష, ళ నేర్చుకోవద్దని కాదు. ఇంటి చొక్కా ఇంట్లో, ఇంటర్వ్యూ చొక్కా ఇంటర్వ్యూలో వేసుకుంటాం. రెండో చొక్కా కొన్నామని మొదటిది చించి పారేయం కదా! ఇదీ అంతే.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. స కు నాలుక కొన పళ్ళ దగ్గర ఉండాలి. శ కు నాలుక నడుమ భాగం అంగిలి వైపు లేవాలి. ష, ణ, ళ లకు నాలుక కొన వెనక్కి మడవాలి. ట, డ పలికేటప్పుడు మన నాలుక మడత పడుతూనే ఉంది కాబట్టి ఆ చోటు మనకు తెలిసిందే. జంట మాటలతో సాధన చేయండి. కల అంటే నిద్రలో వచ్చేది, కళ అంటే చేతిలో ఉండేది. కల్లు తాగేది, కళ్ళు చూసేవి. సకలం అంటే అంతా, శకలం అంటే ముక్క. కరం అంటే చెయ్యి, ఖరం అంటే గాడిద. ర, ల లకు 'ఎర్ర లారీ, తెల్ల లారీ' ఆట ఉండనే ఉంది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఇద్దరు ముగ్గురు కూర్చుని రోజుకు పది నిమిషాలు పేపరు పైకి చదివితే చాలు. ఒకరు చదవాలి, ఒకరు వినాలి. నవ్వకూడదు, ఆటలో ఉన్న నియమం అదొక్కటే.

పెద్ద తరగతుల అన్నలకు, అక్కలకు ఒక్క మనవి. కొత్తగా ట్రంకు పెట్టెతో హాస్టల్ గడప తొక్కే అయిదో తరగతి, ఆరో తరగతి పిల్లలు తమ ఊరి పలుకును కూడా ఆ పెట్టెలోనే పెట్టుకుని వస్తారు. మొదటి రోజే దాన్ని చూసి నవ్వితే మూత మూసేస్తారు, మళ్ళీ తెరవరు. వాళ్ళతో మాట్లాడించండి. చెప్పిన విషయం ముందు వినండి, అక్షరం తర్వాత దిద్దవచ్చు.

ఈ ఏడాది వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీకి పేర్లిచ్చేటప్పుడు 'నాకు శ రాదన్నా' అని ఎవరైనా వెనక్కి తగ్గితే, అశోకుడికి ర రాలేదని చెప్పండి. చెప్పి, ఆ పేరు కాగితం మీద రాసేయండి.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రెండో సంవత్సరం